చికాగో చలికాలం ఇద్దరూ కలిసి గడపడం ఎలా: అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా

చికాగోకి కొత్తగా వచ్చిన జంటల కోసం రాస్తున్నా ఇది. ముఖ్యంగా ఒకరు ఉద్యోగం మీద ముందొచ్చి, రెండోవాళ్ళు డిపెండెంట్ వీసా మీద తరవాత వచ్చిన ఇళ్ళకి. మాది రాజమండ్రి. 2018లో వచ్చాం, ఇది మాకిక్కడ ఎనిమిదో చలికాలం. మొదటి ఏడాది మేం చేసిన పెద్ద తప్పేంటంటే, బయటి పనులన్నీ ఆయనవి, లోపలి పనులన్నీ నావి అని పంచేసుకున్నాం. నేను జారి పడతానేమో అని ఆయన భయం. "నువ్వు బయటికి రాకు, నేను చూసుకుంటాగా" అనేవారు. ప్రేమతోనే అన్నారు, నేనూ సరే అన్నా. కానీ దాని వల్ల డిసెంబర్ వచ్చేసరికి ఈ ఊరి గురించి ఆయనకి తెలిసినవేవీ నాకు తెలియలేదు.

ఆ డిసెంబర్‌లోనే ఆయన ఆఫీసు పని మీద నాలుగు రోజులు వేరే రాష్ట్రం వెళ్ళారు. మా వీధిలో చోటు లేక నేను కారు తీసుకెళ్ళి మెయిన్ రోడ్డు మీద పెట్టా. ఆ రాత్రి ఒక్క చుక్క మంచు కూడా పడలేదు. పొద్దున వెళ్తే కారు లేదు. ఎవరో ఎత్తుకెళ్ళారనుకుని చేతులు వణుకుతూ ఫోన్ చేస్తే ఆయన, "అయ్యో, డిసెంబర్ ఒకటి దాటింది కదా!" అన్నారు. ఆ తారీఖు నుంచి రాత్రుళ్ళు మెయిన్ రోడ్డు మీద కారు పెడితే సిటీ వాళ్ళు లాక్కెళ్ళిపోతారు. ఆ రూలు ఆయనకి తెలుసు, నాకు తెలియదు. అందుకే కింద చెప్పే ప్రతి పనీ ఇద్దరూ నేర్చుకోండి. ఒకరు బాగా చెయ్యొచ్చు, రెండోవాళ్ళు కొంచెం నెమ్మదిగా చెయ్యొచ్చు, ఫర్వాలేదు. ఇద్దరికీ రావాలి అంతే.

1. అక్టోబర్‌లో ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించండి

ఫోన్‌లో కాదు, కాగితం మీదే. మైనస్‌లోకి వెళ్ళాక బయట ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది, చదువుకునే ఓపికా ఉండదు. పార్కింగ్ సంగతితో మొదలుపెట్టండి. డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా, తెల్లవారుజామున 3 నుంచి 7 గంటల మధ్య, ఊళ్ళో మొత్తం 107 మైళ్ళ మెయిన్ రోడ్ల మీద కారు పెట్టకూడదు. మంచు పడినా పడకపోయినా ఇది ఉంటుంది. ఇవి కాక ఇంకో 500 మైళ్ళ రోడ్ల మీద, మంచు 2 అంగుళాలు దాటితే ఏ టైములోనైనా కారు తీసెయ్యాల్సి రావొచ్చు. రెండిటికీ రోడ్డు పక్కన బోర్డులుంటాయి. ఇద్దరూ కలిసి ఒక సాయంత్రం మీ ఇంటి చుట్టూ నాలుగు వీధులు నడిచి, ఏ రోడ్డు మీద ఏ బోర్డుందో చూసి రండి. టికెట్టు, టోయింగు, లాట్‌లో ఉంచినందుకు రోజుకింత అని అన్నీ కలిపితే ఒక వారం కూరగాయల ఖర్చు కన్నా చాలా ఎక్కువే పోతుంది. డబ్బు పోతే పోయింది, ఒక్కళ్ళే ఉన్నప్పుడు ఆ చలిలో కారు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళడం మాత్రం ఎవరికీ వద్దు.

అదే కాగితం మీద నీళ్ళ మెయిన్ వాల్వ్ ఎక్కడుంది, ఇంటి ఓనరు నంబరు, షవెల్ (మంచు తీసే పార) ఎక్కడ పెట్టారు, దారి మీద చల్లే ఉప్పు సంచీ ఎక్కడుంది, ఇవన్నీ రాయండి. సిటీ వాళ్ళ నంబరు 311 కూడా.

2. బట్టలు

ఇండియా నుంచి స్వెటర్లు సంచీలకొద్దీ తేకండి. మా అమ్మ ఆరు స్వెటర్లు పెట్టి పంపింది, అన్నీ ఇంట్లో వేసుకోడానికే పనికొచ్చాయి. ఇక్కడ కావాల్సింది మూడు పొరలు. ఒంటికి అంటుకుని ఒక థర్మల్, దాని మీద ఉన్నిదో ఫ్లీసుదో ఒకటి, అన్నిటి మీద గాలి దూరని, తడవని కోటు. లోపలి పొర కాటన్ అయితే వద్దు, చెమట పీల్చుకుని తడిగా ఉండిపోయి ఇంకా చలి పెడుతుంది. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లౌజుల కన్నా నాలుగు వేళ్ళూ ఒకే సంచీలో ఉండే మిటెన్లు వెచ్చగా ఉంటాయి. బూట్లు మాత్రం మంచివి కొనండి, ఇద్దరికీ. కోటు సెకండ్ హ్యాండ్ షాపులో తీసుకున్నా ఏం కాదు గానీ బూట్ల దగ్గర డబ్బు చూసుకోవద్దు. మందపాటి సాక్సు తొడుక్కుని ట్రయల్ వేసి, వేళ్ళు లోపల కదులుతున్నాయో లేదో చూసి తీసుకోండి. బిగుతుగా ఉంటే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి.

చీర కట్టుకుని గుడికి వెళ్ళాలంటే లంగా కింద థర్మల్ ప్యాంటు, కాళ్ళకి బూట్లు. అరోరా బాలాజీ గుడికైనా, లెమాంట్ గుడికైనా చలికాలమంతా అలాగే వెళ్తాను. లోపల చెప్పులు ఎలాగూ విప్పాలి కాబట్టి ఒక జత ఉన్ని సాక్సు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి.

3. ఇంటి వెచ్చదనం

మనలాంటి వాళ్ళు ముందు దిగేది ఎక్కువగా పాత ఇటుక బిల్డింగుల్లోనే. వాటిలో కిటికీ కింద ఇనుప రేడియేటర్ ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి అది ఠంగుమంటుంది, ఆ తరవాత కుక్కర్ విజిల్ వచ్చే ముందు చేసే శబ్దంలా సుయ్‌మంటుంది. కంగారు పడకండి, ఆవిరి వస్తోందన్నమాట. ఒకే గొట్టంతో ఆవిరి వచ్చే రకమైతే దాని వాల్వ్ పూర్తిగా తెరవాలి లేదా పూర్తిగా మూసెయ్యాలి. సగం తిప్పి వదిలితే నీళ్ళు నిలిచి గొట్టాలు సుత్తితో కొట్టినట్టు మోగుతాయి.

హీట్ ఓనరే ఇవ్వాల్సిన ఇల్లయితే ఇది గుర్తుంచుకోండి. సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా, పొద్దున 8:30 నుంచి రాత్రి 10:30 వరకు కనీసం 68 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్, మిగతా టైములో 66 ఉండాలని సిటీ రూలు. రెండో ఏడాది మా ఇంట్లో 60 దాటలేదు. ఓనరుకి ఫోన్ చేస్తే "ఇంకో స్వెటర్ వేసుకోండి" అన్నాడు. మేం కొత్తవాళ్ళం, గొడవెందుకని పది రోజులు ఊరుకున్నాం. ఊరుకోకూడదు. పది డాలర్ల థర్మామీటర్ కొని గది మధ్యలో పెట్టి, తారీఖు, టైము కనపడేలా రోజుకి రెండు ఫోటోలు తీయండి. ముందు ఓనరుకి రాతపూర్వకంగా పంపండి, వినకపోతే 311కి చెప్పండి. మాకు ఫోటోలు పంపిన మర్నాడే బాయిలర్ బాగుచేసే మనిషి వచ్చాడు.

కిటికీల సందుల్లోంచి గాలి వస్తుంటే హార్డ్‌వేర్ షాపులో ప్లాస్టిక్ ఫిల్మ్ కిట్ దొరుకుతుంది. చుట్టూ టేపు వేసి ఫిల్మ్ అతికించి హెయిర్ డ్రయర్‌తో వేడి గాలి కొడితే అది బిగుసుకుని అద్దంలా అయిపోతుంది. ఇద్దరుంటేనే సులువు, ఒకరు పట్టుకోవాలి, ఒకరు అతికించాలి. మేం దీన్ని నవంబర్‌లో ఒక ఆదివారం పెట్టుకుంటాం, పాటలు పెట్టుకుని, మధ్యలో టీ తాగుతూ.

చలికి తట్టుకోలేక ఓవెన్ తలుపు తెరిచి ఇల్లు వేడి చేసుకోవడం, లోపల బొగ్గులు పెట్టుకోవడం అస్సలు చెయ్యకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడక గది దగ్గర డిటెక్టర్ ఉందో లేదో, మోగుతోందో లేదో ఈరోజే బటన్ నొక్కి చూడండి.

ఇంకొకటి, దుప్పటి. ఒకరికి చలి, ఒకరికి ఉక్క. దీని మీద మేం రెండు చలికాలాలు పోట్లాడుకున్నాం. ఒకే మంచం మీద రెండు వేరు వేరు దుప్పట్లు వేసుకోండి, అయిపోతుంది.

4. మంచు పడిన రోజు

ఇంటి ముందు నడిచే దారి శుభ్రం చెయ్యడం ఎవరి పనో లీజు చదివి తెలుసుకోండి. మీదే అయితే, పగలు 7 నుంచి రాత్రి 7 లోపు పడిన మంచు ఆ రాత్రి 10కల్లా, రాత్రి పడింది మర్నాడు పొద్దున 10కల్లా తీసెయ్యాలి. కనీసం 5 అడుగుల వెడల్పు దారి ఉండాలి. వీల్‌చెయిర్ వెళ్ళాలి, పిల్లల స్ట్రోలర్ వెళ్ళాలి, కాబట్టి మూల మలుపు దగ్గర కూడా తియ్యండి. తీసింది రోడ్డు మీదకి తొయ్యకూడదు.

షవెల్‌కి ముందు కొంచెం వంటనూనె రాయండి, మంచు అంటుకోదు. ఎత్తి విసరడం తగ్గించి, ముందుకి తోసుకుంటూ వెళ్ళండి. ఎత్తాల్సి వస్తే మోకాళ్ళు వంచి, కొంచెం కొంచెం. పది అంగుళాలు పడుతుందని చెప్తే అంతా పడ్డాక ఒకేసారి కాకుండా నాలుగంగుళాలకి ఒకసారి చొప్పున వంతులు వేసుకోండి. పదిహేను నిమిషాలు ఆయన, పదిహేను నిమిషాలు మీరు. చలిలో ఒక్కసారిగా అంత బరువు పని చేస్తే గుండె మీద పడుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలు దీనికి దూరంగా ఉండాలి. మామయ్యగారు వచ్చినప్పుడు "నేనూ చేస్తా" అని పార పట్టుకుంటే నేనే లాక్కున్నా.

మంచు తీశాకే ఉప్పు చల్లాలి, తియ్యకుండా చల్లితే దండగ. మామూలు రాతి ఉప్పు 15 ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 9 సెల్సియస్ కన్నా కిందకి వెళ్తే పెద్దగా పని చెయ్యదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్ ఉన్న రకం కొనాలి, లేదా ఇసుక చల్లుకోవాలి, కనీసం కాలు జారదు. నున్నగా, నల్లగా, తడిలా కనిపించేదే బ్లాక్ ఐస్. దాని మీద చేతులు జేబుల్లోంచి తీసి, చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించి, కొంచెం ముందుకి వంగి నడవండి.

ఇక కారు. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్యాలి, ఇది మొదటి పని. అది మూసుకుపోయి ఉంటే పొగ కారులోకే వస్తుంది. ఒకరు మంచు తీస్తుంటే ఇంకొకరు చలిగా ఉందని లోపల కూర్చుని ఇంజన్ వేసుకోవడం చాలామంది చేస్తారు, దయచేసి అలా చెయ్యకండి. అద్దం మీద వేడి నీళ్ళు పొయ్యకండి, పగులుతుంది. కారు పైకప్పు మీద మంచు కూడా తీసెయ్యండి, బ్రేక్ వేస్తే అదంతా జారి ముందు అద్దం మీద పడుతుంది. వాషర్ ద్రవం మైనస్‌లో గడ్డకట్టని రకం పోయించండి. గ్యాస్, అంటే పెట్రోలు, ఎప్పుడూ సగం ట్యాంకుకి తగ్గనివ్వకండి. డిక్కీలో ఒక దుప్పటి, చిన్న షవెల్, ఇసుక సంచీ, జంపర్ కేబుళ్ళు పడేసి ఉంచండి. 2011 ఫిబ్రవరి తుఫానులో ఇక్కడ 21 అంగుళాలకి పైగా మంచు పడి, లేక్ షోర్ డ్రైవ్ మీద వందల కార్లు రాత్రంతా ఇరుక్కుపోయాయి. సరస్సు పక్కన రోడ్డు ఎంత అందంగా ఉన్నా తుఫాను హెచ్చరిక ఉన్న రోజు అటు వెళ్ళకండి.

మొదటిసారి కారు తవ్వి తీశాక, ఆ ఖాళీ చోట్లో వీధిలోవాళ్ళు పాత కుర్చీలూ ఇస్త్రీ బల్లలూ పెట్టుకోవడం చూస్తారు. దాన్ని "డిబ్స్" అంటారు. నేను తవ్వాను కాబట్టి ఈ చోటు నాది అని. చట్టంలో దీనికి చోటు లేదు, కానీ అలవాటు గట్టిగానే ఉంది. నేను కుర్చీ పెట్టను, పెట్టినవాళ్ళ కుర్చీ తియ్యను కూడా. రెండు గంటలు నడుం విరగ్గొట్టుకున్న మనిషి చోట్లో మన కారు పెట్టడం నాకు మనసొప్పదు.

5. వంటిల్లు

ఇడ్లీ పిండి పులవదు, ఇది మొదటి దిగులు. రుబ్బేటప్పుడు గోరువెచ్చటి నీళ్ళు పొయ్యండి, గిన్నె ఓవెన్‌లో పెట్టి ఓవెన్ వెయ్యకుండా లోపలి లైటు మాత్రమే వేసి వదలండి. ఆ బల్బు వేడికి పది పన్నెండు గంటల్లో పొంగుతుంది. పెరుగూ అంతే. ఇక్కడ ఒక్క జాగ్రత్త, ఓవెన్ తలుపు మీద "లోపల పిండి ఉంది" అని చీటీ అంటించండి. ఒకసారి ఆయన పిజ్జా కోసం ఓవెన్ వేడి పెట్టారు, వాసన వచ్చేసరికి పిండీ పోయింది, ప్లాస్టిక్ మూతా పోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ చీటీ పద్ధతి.

మన ఇండియన్ షాపులుండే డెవాన్ అవెన్యూలో సామాన్లు కొన్నప్పుడు కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి అన్నిటికన్నా ఆఖర్న తీసుకుని, కాగితంలో చుట్టి కోటు లోపల పెట్టుకోండి. షాపు గుమ్మం నుంచి బస్సు ఎక్కేలోపే కరివేపాకు నల్లబడిపోతుంది. ఇంటికొచ్చి చూస్తే ఉడకబెట్టినట్టు వాలిపోయి ఉంటుంది. నేను ఆరు డాలర్ల కరివేపాకు అలా పారేశాక తెలుసుకున్నా. కొబ్బరినూనె 24 డిగ్రీల సెల్సియస్ కన్నా కింద గడ్డకడుతుంది కాబట్టి నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సీసాలో రాయిలా ఉంటుంది. వెడల్పు మూతి డబ్బాలోకి మార్చుకుంటే చెంచాతో తీసుకోవచ్చు.

చారు ఎక్కువ పెట్టుకోండి. మిరియాల చారు ఫ్లాస్కులో పోసుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళినా తప్పు లేదు.

6. మరీ ఘోరమైన చలి

2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 23 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 31 సెల్సియస్. బడులు మూశారు, ఉత్తరాలు కూడా రాలేదు. లోకల్ రైళ్ళ పట్టాల దగ్గర గ్యాస్ మంటలు పెట్టి ఉంచారు, ఇనుము బిగుసుకుపోకుండా. అలాంటి రోజు ముందురాత్రి చెయ్యాల్సినవి ఇవి. బయటి గోడకి ఆనుకుని ఉన్న సింకు కింది అల్మరా తలుపులు తెరిచి ఉంచండి, గది వేడి గొట్టాలకి తగులుతుంది. కుళాయి సన్నటి ధారగా వదలండి. నీళ్ళు పారుతుంటే గడ్డకట్టడం కష్టం. పొద్దున నీళ్ళు రాకపోతే హెయిర్ డ్రయర్ వాడండి, మంట మాత్రం పెట్టకండి, ఓనరుకి వెంటనే చెప్పండి.

సున్నా ఫారెన్‌హీట్ ఉండి గంటకి 15 మైళ్ళ గాలి వీస్తే అరగంటలో చర్మం గడ్డకట్టొచ్చు. మన మెట్రో లాంటి ఎల్ రైలు ప్లాట్‌ఫారం మీద బటన్ నొక్కితే పైన ఎర్రగా వెలిగే హీటర్లుంటాయి, వాటి కింద నిలబడండి. అప్పటి దాకా నొప్పి పుడుతున్న వేలు నొప్పి ఆగిపోయి తెల్లగా మొద్దుబారితే అదే ప్రమాదం. రుద్దకూడదు, రేడియేటర్ మీద పెట్టకూడదు, గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి డాక్టర్‌కి చూపించాలి. మన ముక్కూ చెవులూ మనకి కనపడవు కాబట్టి కలిసి నడుస్తున్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండండి. ఇంకా, మరిగే నీళ్ళు గాల్లోకి విసిరి వీడియో తియ్యడం వద్దు. 2019లో ఆ చలి వారం ఇలా చేసి ఒళ్ళు కాల్చుకుని ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళున్నారు.

7. రోజూ బయటికి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు వెళ్ళిపోతాడు. ఆఫీసుకెళ్ళినవాళ్ళు మనుషుల్ని చూస్తారు. ఇంట్లో ఉన్నవాళ్ళు పొద్దున్నుంచీ అదే కిటికీ, అదే బూడిద రంగు ఆకాశం. మొదటి ఫిబ్రవరిలో నాకు మధ్యాహ్నం మూడింటి దాకా తల దువ్వుకోవాలనిపించేది కాదు, కారణం లేకుండా ఏడుపొచ్చేది. ఆయన ఇంటికి రాగానే "ఏమైంది?" అంటే ఏం చెప్పాలో తెలియక విసుక్కునేదాన్ని. అమ్మతో మాట్లాడదామంటే నవంబర్‌లో గడియారం మారాక ఇండియాకి పదకొండున్నర గంటల తేడా, మనకి మధ్యాహ్నం ఒంటిగంటంటే అక్కడ అర్ధరాత్రి దాటింది.

ఏం చెయ్యాలంటే, మధ్యాహ్నం పన్నెండు లోపు ఇరవై నిమిషాలు బయట నడవండి, మబ్బు పట్టినా సరే, ఆ వెలుతురు చాలు. ఒంటరిగా వెళ్ళడం అలవాటు చేసుకోండి. ఆయనా ఆపకూడదు. లైబ్రరీ కార్డు తీసుకోండి, ఉచితం, లేటు ఫీజు కూడా ఎత్తేశారు. డౌన్‌టౌన్‌లో హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీ తొమ్మిదో అంతస్తులో పైకప్పంతా అద్దాలున్న పెద్ద హాలుంది, అక్కడ కూర్చుంటే మంచు పడుతున్నా ఎండలో ఉన్నట్టుంటుంది. అక్కడికి దగ్గర్లోనే, డౌన్‌టౌన్ నడిబొడ్డైన లూప్‌లో భూమి కింద పెడ్‌వే దారులున్నాయి, కోటు బొత్తాలు విప్పుకుని నడవొచ్చు. రాత్రి ఎనిమిదికి అమ్మకి ఫోన్ చెయ్యండి, అక్కడ పొద్దున ఏడున్నర, కాఫీ తాగుతూ ఉంటారు.

నెలకొకసారి ఇద్దరూ గ్రీన్ లైన్ రైలు ఎక్కి గార్ఫీల్డ్ పార్క్ కన్సర్వేటరీకి వెళ్ళండి. 1908లో తెరిచిన అద్దాల తోట, చికాగో వాళ్ళకి టికెట్ లేదు. తలుపు తియ్యగానే తడి మట్టి వాసన మొహానికి కొడుతుంది, కళ్ళజోడు తెల్లగా అయిపోతుంది. లోపల ఒక గదిలో అరటి చెట్లూ చెరకూ ఉన్నాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను అరటాకుని వేళ్ళతో పట్టుకుని అలాగే నిలబడిపోయా, ఆయన ఏమీ అనకుండా పక్కనే నా కోటు పట్టుకుని నిలబడ్డారు.

రెండు వారాలు దాటినా మనసు తేలికపడకపోతే డాక్టర్‌తో చెప్పండి. విటమిన్ డి పరీక్ష అడగండి. పొద్దున పూట కూర్చునే 10,000 లక్స్ (వెలుతురు కొలత) దీపాలుంటాయి, అవి మీకు సరిపోతాయో లేదో కూడా వాళ్ళనే అడగండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సంక్రాంతి సరిగ్గా గడ్డకట్టే చలిలో వస్తుంది. మంచు మీద బియ్యప్పిండి ముగ్గు కనపడదు కాబట్టి పసుపుతో, కుంకుమతో గీతలు వెయ్యండి. చుక్కలు పెట్టడానికి మిటెన్ తీసి అయిదు నిమిషాలకి మించి ఉండొద్దు. నేను చుక్కలు పెడతా, నా వేళ్ళు లాగగానే ఆయన కలుపుతారు.

8. ఏప్రిల్

పార్కింగ్ రూలు ఏప్రిల్ 1తో అయిపోతుంది గానీ మంచు అయిపోదు, షవెల్ నెలాఖరు దాకా గుమ్మం దగ్గరే ఉంచండి. బూట్ల మీద తెల్లటి ఉప్పు మరకలు వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి తుడిస్తే పోతాయి. లోపల కాగితాలు కుక్కి, ఆరబెట్టి, ఇద్దరికీ చెయ్యి అందే అల్మరాలో పెట్టండి. ఫ్రిజ్ మీది కాగితం చింపెయ్యకుండా, ఈ ఏడాది కొత్తగా తెలిసింది కింద రాసి, మడిచి అదే బూట్లో పెట్టండి, అక్టోబర్‌లో ఎవరు ముందు తీస్తే వాళ్ళకి దొరుకుతుంది.